ఇంగ్లీషు నామవాచకాలు – మన నిత్య బహువచనాలు

ఏ భాషకైనా తొలిమెట్టు నామవాచకం. పసిపిల్లలు మొదట పలికేది "అమ్మ" అన్న పేరే గాని క్రియ కాదు. వ్యాకరణ పుస్తకం ఏది తెరిచినా మొదటి పాఠం నామవాచకం మీదనే ఉంటుంది. అటువంటి నామవాచకం దగ్గరనే మన డిగ్రీ విద్యార్థులు, ఆ మాటకొస్తే ఎమ్మే విద్యార్థులు సైతం, ఇంగ్లీషులో తడబడుతున్నారంటే ఆశ్చర్యంగా లేదూ? క్రియ దగ్గర తడబడితే కాలాల చిక్కు అనుకోవచ్చు. పేరు దగ్గర తడబాటేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నాకు కొంత హక్కుందనుకుంటాను. టేకుమట్ల వైపు పల్లెల నుండి వచ్చి, తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు ఇంగ్లీషు చెప్పుకొని బ్రతుకుతున్నవాణ్ణి. పల్లె విద్యార్థి రాసే ఇంగ్లీషు ఉత్తరాన్ని చదివి నవ్వేవాళ్ళను చూశాను. అది చూసి నోరు మూసుకొని, ఆ తర్వాత మూడేళ్ళపాటు క్లాసులో ఒక్క ప్రశ్న కూడా అడగని విద్యార్థులనూ చూశాను. తప్పు ఆ విద్యార్థి తెలివిలో లేదు. నామవాచకాన్ని మనం నేర్పే పద్ధతిలో ఉంది. ఇదే నా అభిప్రాయం. కారణాలు మనవి చేస్తాను.

మన ప్రాంతపు చదువరికి నామవాచకం కొత్త చుట్టం కాదు. నిజాం కాలంలో, అంటే 1948 దాకా, ఇక్కడి బడుల్లో ఉర్దూ మీడియంలో చదివిన తాతలు దాన్ని "ఇస్మ్" అన్నారు. ఒక్కరికే చెందిన పేరు ఇస్మే ఖాస్, అందరికీ చెందేది ఇస్మే ఆమ్. ఆ తర్వాతి తరం తెలుగులో "నామవాచకం" అన్నది. ఇప్పటి పిల్లలు "నౌన్" అంటున్నారు. ఒకే ఇంట్లో మూడు తరాలు మూడు పేర్లతో పిలిచినా విషయం ఒక్కటే. అంటే భావం మనకు తెలియక కాదు, దాన్ని మరో భాషలోకి మోసుకుపోయే దారి మనకెవరూ చూపలేదు, అంతే.

మరి మనం చూపుతున్నదేమిటి? ఐదు రకాల జాబితా. సంజ్ఞా నామవాచకం, సామాన్య నామవాచకం, సమూహ నామవాచకం, ద్రవ్య నామవాచకం, భావ నామవాచకం. 19వ శతాబ్ది చివరలో మన దేశంలోనే విద్యాశాఖాధికారిగా పనిచేసిన నెస్‌ఫీల్డ్ పుస్తకాల ద్వారా ఈ జాబితా ఊరూరా పాకింది. దీన్ని పనికిరాదని నేననను. కాని మన పరీక్షల్లో అడిగేదేమిటి? "గీత గీసిన పదం ఏ రకపు నామవాచకమో రాయుము." హైదరాబాదు అంటే ప్రాపర్, సైన్యం అంటే కలెక్టివ్, బంగారం అంటే మెటీరియల్, నిజాయితీ అంటే యాబ్‌స్ట్రాక్ట్. ఐదుకు ఐదు మార్కులు! అదే విద్యార్థి ఆ సాయంత్రమే ఉద్యోగానికి దరఖాస్తు రాస్తూ "మెనీ ఇన్ఫర్మేషన్స్" అని, "ఫర్నిచర్స్" అని, "ఐ హావ్ మెనీ వర్క్స్" అని రాస్తాడు. రకం గుర్తుపట్టాడు, వాడుక తెలియలేదు. చెట్టు పేరు చెప్పగలిగి, ఎక్కడం రాకపోతే కాయలు రాలతాయా?

అసలు ఆ తప్పులు ఎక్కడినుండి వస్తున్నాయో ఆలోచిద్దాం. "నాకు శాన పనులున్నయ్" అనడం మన తెలుగులో శుద్ధమైన వాక్యం. పని అంటే ఒకటి, పనులంటే అనేకం. దాన్ని ఇంగ్లీషులోకి దించితే "మెనీ వర్క్స్" అవుతుంది. కాని ఇంగ్లీషువానికి "వర్క్" లెక్కకందని పదార్థం. నీళ్ళవలె, గాలివలె ఎంత ఉన్నా ఒక్కటే. "వర్క్స్" అంటే అతనికి ఒక రచయిత గ్రంథాలో, ఒక కర్మాగారమో స్ఫురిస్తుంది. సలహా, సమాచారం, సామాను, ఇంటిపని – వీటన్నిటికీ తెలుగులో "లు" చేర్చవచ్చు. ఇంగ్లీషులో అడ్వైస్, ఇన్ఫర్మేషన్, లగేజ్, హోంవర్క్ – వీటికి "ఎస్" చేరదు. విద్యార్థి చేసినది తెలివితక్కువ పని కాదు. తన మాతృభాష నియమాన్ని బుద్ధిగా పాటించాడు. కాకపోతే ఆ నియమం ఈ హద్దుదాకానే చెల్లుతుంది.

ఇంకొక చిక్కున్నది. సగం ఇంగ్లీషు నామవాచకాలు క్లాసుకు రాకముందే మన ఇంటికి వచ్చి కూర్చున్నాయి. బస్సు, రైలు, స్కూలు, ఆఫీసు, పోలీసు, స్టాఫు – ఇవన్నీ చివర అచ్చు తగిలించుకొని, తెలుగు బహువచనం తొడుక్కొని, మన పౌరసత్వం పుచ్చుకున్నాయి. "ఒక పోలీసు వచ్చిండు" అంటే తెలుగులో తప్పేమీ లేదు. "ఎ పోలీస్ కేమ్" అంటే ఇంగ్లీషులో తప్పు. అక్కడ పోలీస్ అన్నది ఎప్పుడూ బహువచనమే, ఒక్కడు వస్తే పోలీస్‌మన్ అనాలి. "మా స్టాఫు ఒకాయన" అంటాం, ఇంగ్లీషులో "వన్ స్టాఫ్" అనకూడదు, స్టాఫ్‌లో ఒక సభ్యుడనాలి. ఈ పదాలు తనకు తెలిసినవేనని విద్యార్థి ధైర్యంగా వాడతాడు. తెలిసిన పదమే కొంప ముంచుతుంది. తెలియని పదానికైతే నిఘంటువు చూసేవాడు గదా!

ఇక అసలు విషయానికి వస్తాను. లెక్కకందేవి, లెక్కకందనివి అన్న తేడా ఇంగ్లీషువారి సొంత సొత్తు కాదు. మన తెలుగు వ్యాకరణం ఈ సంగతిని ఎన్నడో పట్టుకుంది. బంగారం, వెండి, నెయ్యి, ఉప్పు – ఇవి నిత్య ఏకవచనాలు. నీళ్ళు, పాలు, వడ్లు, కందులు, పెసలు – ఇవి నిత్య బహువచనాలు. ఏడెనిమిది తరగతుల్లో ప్రతి తెలుగు పిల్లవాడూ ఇది బట్టీపట్టినవాడే. అయితే తెలుగు పంతులు చెప్పిన ఆ పాఠాన్ని ఇంగ్లీషు మాస్టారు ఎన్నడూ ముట్టుకోడు. ఆయన గదిలో తెలుగు మాట్లాడితే దోషం! రెండు గదుల నడుమ ఒక తలుపు తెరిస్తే చాలు, సగం పాఠం అయిపోతుంది. "ఒరే అబ్బాయీ, నీళ్ళు, పాలు మనకు నిత్య బహువచనాలు. వాళ్ళకు వాటర్, మిల్క్ నిత్య ఏకవచనాలు. మన బంగారం మాదిరిగా. మనం నీళ్ళు వచ్చినయంటాం, వాళ్ళు నీరు వచ్చిందంటారు" అని ఒక్క మాట చెబితే ఎవరికి అర్థం కాదు?

ఇంగ్లీషు పండితులు ఈ తేడాను విద్యార్థుల కోసం సూటిగా రాసిపెట్టడం చూస్తే ఒక ఆసక్తికరమైన చరిత్ర కనిపిస్తుంది. డెన్మార్కు పండితుడు యెస్పర్సన్ 1924లో ప్రకటించిన "ద ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్" గ్రంథంలో లెక్కకందే పదాలను, రాశిపదాలను వేరుచేసి చర్చించాడు. ఆయన మాతృభాష ఇంగ్లీషు కాదు. నామవాచకం పక్కన లెక్కకు అందుతుందని ఒక గుర్తు, అందదని ఒక గుర్తు వేసిన నిఘంటువును హార్న్‌బీ అనే ఉపాధ్యాయుడు తన సహచరులతో కలిసి తయారుచేశాడు. 1942లో అది అచ్చయింది ఇంగ్లండులో కాదు, జపానులో! జపాను భాషలో ఎ, ద వంటి ఆర్టికల్స్ లేవు, పేరుకు బహువచనం తప్పనిసరి కాదు. ఆ పిల్లల తడబాటు చూసిన గురువుకే ఈ గుర్తుల అవసరం తెలిసింది. దీన్నిబట్టి తేలేదేమిటి? పరాయి భాషవాని కష్టం దగ్గరనుండి చూసినవాడే మంచి వ్యాకరణం రాయగలడు. మన విద్యార్థి కష్టం చూసి మన వ్యాకరణ పాఠం మనమే రాసుకోవాలి.

ఆ పాఠం ఎట్లా ఉండాలి? నా మట్టుకు నేను నామవాచకాన్ని మూడు ప్రశ్నలు అడగమంటాను. ఒకటి: దీన్ని ఇక్కడ లెక్కపెట్టగలమా? రెండు: లెక్కపెట్టగలిగితే ఒకటా, ఎక్కువా? మూడు: నేను దేనిగురించి చెబుతున్నానో వినేవాడికి ముందే తెలుసా? ఉదాహరణలకు లండను దాకా పోనక్కరలేదు. టేకుమట్ల కల్లం దగ్గర నిలబడితే చాలు.

బండి ఉన్నది. లెక్కకందుతుంది; ఎ కార్ట్, టూ కార్ట్స్. వడ్లు ఉన్నాయి. తెలుగులో బహువచనమైనా "వడ్లు ఎన్ని?" అని అడగం, "వడ్లు ఎంత అయినయ్?" అంటాం, జవాబు బస్తాల్లోనో క్వింటాళ్ళలోనో చెబుతాం. ఇంగ్లీషులో ప్యాడీ కూడా అంతే. టెన్ బ్యాగ్స్ ఆఫ్ ప్యాడీ. ఎస్ అక్షరం బస్తాకు తగులుతుంది గాని వడ్లకు తగలదు. పత్తి అంతే, భూపాలపల్లి గనుల బొగ్గూ అంతే. క్వింటాళ్ళు, టన్నులు లెక్కకందుతాయి, కాటన్, కోల్ అందవు. మిరపకాయలు మాత్రం లెక్కకందుతాయి కాబట్టి చిల్లీస్. పశువులు ఉన్నాయి. క్యాటిల్ అన్నది చూడడానికి ఏకవచనం, నడక బహువచనం. "క్యాటిల్ ఆర్" అనాలి, "వన్ క్యాటిల్" అనరాదు. ఎద్దు, ఎడ్లు అన్నప్పుడు రూపం మారినట్లే ఆక్స్, ఆక్సెన్ అవుతుంది. ఇల్లు–ఇండ్లు, కన్ను–కండ్లు, చెయ్యి–చేతులు నేర్చిన నోటికి చైల్డ్–చిల్డ్రన్ ఒక లెక్కా?

"ఇక్కడ లెక్కపెట్టగలమా" అన్నానే, ఆ "ఇక్కడ" అన్న మాట ముఖ్యం. ఏ పదానికీ పుట్టుకతో ఒకే రకం రాసిపెట్టి ఉండదు, వాక్యంలో దాని పనినిబట్టి రకం మారుతుంది. మన టేకునే తీసుకోండి. ఇంగ్లీషు టీక్ అన్నది మన ద్రావిడ భాషల పదమే. మలయాళపు తేక్కు పోర్చుగీసు వారి నోటిగుండా ఇంగ్లీషుకు చేరింది. దర్వాజకు వాడిన కలప అయితే టీక్ లెక్కకందదు. అడవిలో చెట్లు లెక్కపెట్టాలంటే టీక్ ట్రీస్ అనాలి. పెరట్లో తిరిగే కోడి ఎ చికెన్. అదే కంచంలోకి వస్తే ఉత్త చికెన్. కాగితం పేపర్, వార్తాపత్రిక గాని పరీక్షపత్రం గాని ఎ పేపర్. ఇనుము ఐరన్, ఇస్త్రీపెట్టె ఎన్ ఐరన్. హోటల్లో కూర్చొని "రెండు చాయ్‌లు" అంటాం గదా, ఇంగ్లీషువాడూ అక్కడ టూ టీస్ అంటాడు. లెక్కపెట్టేది చాయ్‌ను కాదు, కప్పులను. ఈ సూక్ష్మం మన హోటలు కుర్రవానికి తెలుసు. పుస్తకంలోని ఐదు రకాల పట్టికలో మాత్రం లేదు.

సంజ్ఞా నామవాచకం చాలా తేలికని అందరూ అనుకుంటారు. దాని అసలు కష్టం మన లిపిలో ఉంది. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న భేదం లేదు. అందుకే మన విద్యార్థి ఊరిపేరు చిన్నక్షరంతో రాస్తాడు, లేదా దరఖాస్తు మొత్తం పెద్దక్షరాలతో నింపుతాడు. వారాలు, నెలలు, భాషల పేర్లు కూడా పెద్దక్షరంతో మొదలవుతాయని గట్టిగా చెప్పాలి. ఊరిపేరు ముందు సాధారణంగా ద రాదు, నదిపేరు ముందు వస్తుంది. టేకుమట్ల, కాని ద మానేరు, ద గోదావరి. మన జిల్లా పేరులోనే ఒక పాఠమున్నది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఒక మనిషి పేరు జిల్లా పేరయింది. ఆ జయశంకర్ సారు హైదరాబాదులోని కేంద్రీయ ఆంగ్ల, విదేశీ భాషల సంస్థలో రిజిస్ట్రారుగా పనిచేసి, 1991 నుండి 1994 దాకా కాకతీయ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నవారు. ఇంగ్లీషు సంస్థలో పనిచేసిన పెద్దమనిషి పేరున్న జిల్లా నుండి వచ్చే విద్యార్థి తన చిరునామా ఇంగ్లీషులో తప్పుల్లేకుండా రాయాలని కోరుకోవడం అత్యాశ కాదుగదా!

మూడవ ప్రశ్న ఎ, ద అనే ఆర్టికల్స్‌ది. తెలుగులో ఆర్టికల్స్ లేవని చెప్పి వదిలేస్తారు. కాని మన "ఒక", "ఆ" అనే మాటలు చాలామట్టుకు ఆ పని చేస్తాయి. "మానేరు మీద ఓడేడు, గర్మిళ్ళపల్లి నడుమ ఒక వంతెన కట్టడం మొదలుపెట్టారు. 2024 ఏప్రిల్‌లో ఆ వంతెన గర్డర్లు కూలిపోయాయి." మొదటి వాక్యంలో వినేవానికి వంతెన సంగతి తెలియదు, కాబట్టి ఎ బ్రిడ్జ్. రెండవ వాక్యానికి తెలిసిపోయింది, కాబట్టి ద బ్రిడ్జ్. ఆ వంతెన కోసం ఎదురుచూసిన టేకుమట్ల మండలపు పిల్లలకు ఈ ఉదాహరణ చెబితే మరిచిపోతారా? చదువు బ్రతుకును తాకితే గుర్తుంటుంది.

సమూహ నామవాచకాలకు మనకేమీ కొదువలేదు. గొర్ల మంద, కట్టెల మోపు, వడ్ల రాశి, అరటి గెల, కూలీల ముఠా. ఇన్ని పదాలున్న భాషలో పుట్టినవానికి ఫ్లాక్, బండిల్, హీప్, బంచ్ అన్నవి బరువా? భావ నామవాచకాలూ అంతే. మంచికి తనం చేర్చి మంచితనం అన్నట్లే వాళ్ళు గుడ్‌కు నెస్ చేర్చి గుడ్‌నెస్ అంటారు. పేదరికం పావర్టీ, బాల్యం చైల్డ్‌హుడ్. మన తనం, రికం, మి ప్రత్యయాలకు ఎదురుగా వాళ్ళ నెస్, టీ, హుడ్ ప్రత్యయాలు పెట్టి ఒక పట్టిక రాస్తే ఒక్క గంటలో వంద పదాలు వస్తాయి.

నా మాటలకు రెండు వైపులనుండి ఆక్షేపణలు రావచ్చునని తెలుసు. "వ్యాకరణం దేనికి? మాట్లాడుతూ పోతే అదే వస్తుంది" అనేవారు కొందరు. నిజమే, ఇంట్లో, వీధిలో ఇంగ్లీషు వినబడే పిల్లలకు చెవే గురువు. టేకుమట్లలో ఉదయం లేచింది మొదలు నిద్రపోయేదాకా ఎన్ని ఇంగ్లీషు వాక్యాలు చెవిన పడతాయి? సెల్‌ఫోనులో వినబడుతుంది గదా అంటారేమో. అది వింటుంది, తప్పు దిద్దదు. చెవి చేయలేని పనిని నియమమే చేయాలి. నియమం పేదవాని ట్యూషను. ఉన్నవానికి వ్యాకరణం లేకపోయినా జరుగుతుంది. లేనివానికి అదే ఆస్తి.

"ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడితే ఇంగ్లీషు ఎట్లా వస్తుంది?" అనేవారు మరికొందరు. 2022–23 విద్యాసంవత్సరంలో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో 1 నుండి 8వ తరగతి దాకా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టినప్పుడు అచ్చువేసిన పాఠ్యపుస్తకాలను చూడండి. ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు. చిన్నపిల్లలకు తెలుగు ఊతం అవసరమని ప్రభుత్వమే ఒప్పుకున్నది. బడిలో ఒప్పు అయినది కాలేజీలో తప్పెట్లా అవుతుంది? ఊతకర్ర పట్టుకున్నవాణ్ణి నడక రానివాడని వెక్కిరిస్తామా? నాలుగడుగులు నడిచినాక వాడే కర్ర పక్కన పెడతాడు. ఆ బడుల నుండి వచ్చే పిల్లలు రేపు మన కళాశాల గడప తొక్కుతారు. వాళ్ళు వచ్చేనాటికైనా మనం సిద్ధంగా ఉండవద్దా?

కనుక అధ్యాపక మహాశయులకు, విద్యార్థి సంఘానికి నా విన్నపాలు మూడు. మొదటిది, అంతర్గత పరీక్షల్లో "రకం గుర్తించుము" అన్న ప్రశ్న కింద "అదే పదాన్ని సొంత వాక్యంలో వాడుము" అన్న రెండో సగం చేర్చండి. మార్కులు ఆ రెండో సగానికే ఎక్కువ ఇవ్వండి. రెండవది, మొదటి సంవత్సరం తొలి నెలలో తెలుగు, ఇంగ్లీషు అధ్యాపకులు కలిసి ఒకే గదిలో నాలుగు క్లాసులు చెప్పండి. ఒకరు నిత్య బహువచనం చెబుతుంటే ఇంకొకరు దాని ఎదురుగా ఇంగ్లీషు పదం రాయాలి. మూడవది విద్యార్థి మిత్రులకు. మీ గోడపత్రికలో వారానికి పది నామవాచకాలు రాయండి. మీ ఊరివే రాయండి; చేను, చెరువు, కల్లం, గని, హాస్టలు, బస్టాండు. పక్కన లెక్కకందుతుందా లేదా అన్న గుర్తు, ఒక వాక్యం. ఏడాది తిరిగేసరికి మీ చేతిలో ఒక చిన్న నిఘంటువు తయారవుతుంది. దానికి ఏ విశ్వవిద్యాలయం అనుమతీ అక్కరలేదు, ఏ గ్రాంటూ అక్కరలేదు.

ఒక ఎస్ అక్షరం ఎక్కువైనంత మాత్రాన మనిషి విలువ తక్కువ కాదు. అయినా ఆ ఒక్క అక్షరం చూసి దరఖాస్తు పక్కకు పెట్టేవారు, ఇంటర్వ్యూలో మొహం చిట్లించేవారు ఈ లోకంలో ఉన్నారు. వారి తీరు మారేదాకా మనం ఆగనక్కరలేదు. వడ్లు కొలిచే చేతికి, పశువులు లెక్కపెట్టే కంటికి ఇంగ్లీషు నామవాచకం లొంగని గుర్రమేమీ కాదు. తెలుగు బాగా తెలిసినవాడే ఇంగ్లీషు బాగా నేర్వగలడని నా నమ్మకం. విద్యార్థులారా, మీ తెలుగును వెంటబెట్టుకొనే ఇంగ్లీషు క్లాసుకు రండి. సందేహం వస్తే సిగ్గుపడక లేచి అడగండి.